పురుగు అండానికి సిగ్నల్ ఎవరిస్తారు? సీ. ఎలిగాన్స్ కథలో నోబెల్ రాని భాగం

సీ. ఎలిగాన్స్ అనే పేరు మనలో చాలామందికి నోబెల్ జాబితాలోనే పరిచయం. 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్. 2006లో ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్‌కి ఫైర్, మెల్లో. 2008లో జీఎఫ్‌పీకి రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో చాల్ఫీ. 2024లో మైక్రో ఆర్‌ఎన్‌ఏకి ఆంబ్రోస్, రువ్‌కున్. కరెంట్ అఫైర్స్ నోట్సులో ఈ నాలుగు లైన్లు రాసుకుని ముందుకు వెళ్లిపోతాం. ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగు చుట్టూ ఇన్ని బహుమతులు ఎందుకు తిరుగుతున్నాయో ఆగి చూడటానికి టైమ్ ఉండదు.

ఈ పోస్టు ఆ జాబితాలో లేని ఒక భాగం గురించి. ఆ పురుగులో అండం ఎప్పుడు విడుదల కావాలో ఎవరు నిర్ణయిస్తారు? ప్రశ్న ఇంతే. వినగానే జువాలజీ ఆప్షనల్ వాళ్ల వ్యవహారంలా అనిపిస్తుంది. కానీ దీని కొస పట్టుకుని లాగితే ఒక వైపు ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు వస్తుంది, ఇంకో వైపు మన దేశంలో ఇంకా పోని బోదకాలు వస్తుంది. సైన్స్ అండ్ టెక్నాలజీని, ప్రజారోగ్యాన్ని వేర్వేరు నోట్సుల్లో రాసుకునే మనకి రెండూ ఒకే దారిలో కనబడే అవకాశం తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను చదివింది మెకానికల్, కాబట్టి కొన్ని పోలికలు వర్క్‌షాప్ వాసన వేస్తాయి.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. చాలా జంతువుల్లో అండకణం క్షయకరణ విభజన మొదలుపెట్టి, మొదటి ప్రొఫేజ్ దగ్గర బ్రేక్ వేసుకుని కూర్చుంటుంది. మనుషుల్లో ఈ నిరీక్షణ ఏళ్లపాటు సాగుతుంది. ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే అండకణాలు ఈ దశకు చేరి ఆగిపోతాయి. యుక్తవయసు వచ్చాక పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా కదులుతాయి. కప్పలో ఆ పని ప్రొజెస్టెరాన్ చేస్తుంది. నక్షత్ర చేపలో 1-మిథైల్ అడెనిన్ అనే చిన్న అణువు చేస్తుందని 1969లో జపాన్‌కు చెందిన కనతాని బృందం చూపించింది. 1971లో యోషియో మసుయి, క్లెమెంట్ మార్కర్ట్ కప్ప అండాల మీద పనిచేసి, హార్మోన్ అందుకున్న అండం లోపల పుట్టే ఎంపీఎఫ్ అనే కారకాన్ని పట్టుకున్నారు. కణచక్రం మీద 2001లో ఇచ్చిన నోబెల్ హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు వెళ్లింది. మసుయికి 1998లో లాస్కర్ అవార్డు వచ్చింది గానీ నోబెల్ రాలేదు. నా లెక్కలో అది అన్యాయమే, సరే, అది వేరే పోస్టు.

గమనించాల్సింది ఒకటే. మనిషి, కప్ప, నక్షత్ర చేప, మూడింటిలోనూ కదలమనే ఆజ్ఞ తల్లి శరీరం నుంచే వస్తుంది. నెమటోడ్ పురుగులో అలా కాదు. అక్కడ ఆజ్ఞ ఇచ్చేది శుక్రకణం. ఈ ఒక్క వాక్యం నిరూపణ కావడానికి పురుగుకి పేరు పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే నూరేళ్లు పట్టింది.

పేరు పెట్టింది ఎమిల్ మోపా అనే ఫ్రెంచి ఆయన. అల్జీర్స్‌లో గ్రంథాలయం చూసుకునే ఉద్యోగం. జీవశాస్త్రం ఆయనకి తీరిక సమయపు పని. అక్కడి మట్టిలో దొరికిన ఒక పురుగుని 1900లో వర్ణించి రాబ్డైటిస్ ఎలిగాన్స్ అన్నాడు. ఇందులో ఎక్కువ భాగం ద్విలింగ జీవులని, ముందు శుక్రకణాలు తయారు చేసుకుని తర్వాత అండాల తయారీకి మారతాయని, మగ పురుగులు చాలా అరుదని గమనించాడు. 1940లలో విక్టర్ నిగాన్, ఎల్స్‌వర్త్ డోహర్టీ మళ్లీ దీన్ని ల్యాబుకి తెచ్చారు. 1955లో డోహర్టీ సీనోరాబ్డైటిస్‌ను ప్రజాతి స్థాయికి పెంచడంతో ఇప్పుడున్న పేరు వచ్చింది.

బ్రెన్నర్ కథ మీలో చాలామందికి తెలుసు. దక్షిణాఫ్రికాలో చెప్పులు బాగుచేసే మనిషి కొడుకు. జన్యు సంకేతం గుట్టు విప్పిన తరంలో ముందువరసలో ఉండి, ఇక అణుజీవశాస్త్రంలో పెద్ద ప్రశ్నలు అయిపోయాయి, మిగిలింది అభివృద్ధి, నాడీవ్యవస్థ అని 1963లో కేంబ్రిడ్జిలో మాక్స్ పెరుట్జ్‌కి ఉత్తరం రాశాడు. బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగుల ఎరువులోంచి సేకరించిన పురుగు జాతిని తీసుకుని, పదేళ్లు కష్టపడి, 1974లో సుమారు 300 మ్యుటెంట్ల మీద పేపర్ ప్రచురించాడు. ఆ తర్వాతవి వేగంగా చెప్తాను, ఎందుకంటే ఏ కోచింగ్ మెటీరియల్‌లోనైనా ఉంటాయి. సల్‌స్టన్, హార్విట్జ్ ప్రతి కణం వంశవృక్షాన్నీ గీశారు. ద్విలింగ పురుగులో 1090 దేహకణాలు పుడితే 131 పథకం ప్రకారం చనిపోతాయి, 959 మిగులుతాయి. 1986లో 302 నాడీకణాల వైరింగ్ పటం వచ్చింది. 1998లో మొత్తం జీనోమ్ వచ్చింది, బహుకణ జీవుల్లో అదే మొదటిది.

మన ప్రశ్నకి అసలు పనికొచ్చింది పురుగు ఒళ్లు గాజులా పారదర్శకంగా ఉండటం. కోయకుండా, రంగు వేయకుండా, మైక్రోస్కోపు కింద బతికున్న పురుగులో అండం కదలడం చూడొచ్చు. కప్ప విషయంలో అండాశయాన్ని బయటికి తీసి గిన్నెలో పెట్టాలి. ఇక్కడ మొత్తం ఫ్యాక్టరీ అద్దాల గదిలో నడుస్తుంటే మనం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే.

ఆ ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, తర్వాతదంతా దీని మీదే నిలబడుతుంది. పురుగులో యూ ఆకారంలో రెండు బీజకోశ గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టం లార్వా చివరి దశలో సుమారు 150 శుక్రకణాలు తయారు చేసి, ఆ తయారీ ఆపేసి, అండాలకు మారిపోతుంది. మళ్లీ వెనక్కి రాదు. రెండు గొట్టాలవీ కలిపితే సుమారు 300 శుక్రకణాలు. అందుకే మగ పురుగుతో కలవని సీ. ఎలిగాన్స్ జీవితకాలంలో కనే పిల్లలు కూడా సుమారు 300. అండాలు ఇంకా తయారు చేయగలదు, శుక్రకణాలే అయిపోతాయి. మగ పురుగు వచ్చి కలిస్తే ఆ సంఖ్య వెయ్యి కూడా దాటుతుంది.

అండాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడతాయి, బస్సు ఎక్కడానికి క్యూ కట్టినట్టు. వరుస చుట్టూ అయిదు జతల పల్చటి కణాలు తొడుగులా ఉంటాయి, ఇవి కండరంలా సంకోచిస్తాయి. వరుస ముందు 24 కణాలతో కట్టిన ఒక సంచి ఉంటుంది, దాని పేరు శుక్రగ్రాహిక. బొద్దింక పాఠంలో చదివిన పేరే. శుక్రకణాలు అందులో ఉంటాయి. సంచికి ఆవల గర్భాశయం. వరుసలో మొదటి అండం పక్వానికి వచ్చినప్పుడు దాని కేంద్రకం పొర కరిగిపోతుంది, అండం గుండ్రబడుతుంది, తొడుగు కణాలు గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెడతాయి, శుక్రగ్రాహిక నోరు తెరుచుకుంటుంది, తొడుగు ఆ సంచిని లాగి అండం మీదికి దిండు గలీబులా తొడిగేస్తుంది. అండం లోపలికి వెళ్లగానే ఫలదీకరణ జరుగుతుంది. కేంద్రకం పొర కరగడం నుంచి అండం సంచిలోకి చేరడం వరకు నిమిషాల పని. ఒక్కో గొట్టంలో ఇది సుమారు 23 నిమిషాలకోసారి జరుగుతుంది.

1979లో శామ్యూల్ వార్డ్, జాన్ కారెల్ దీన్ని చూసి రాశారు. అదే ఏడాది జుడిత్ కింబుల్, డేవిడ్ హర్ష్ బీజకోశం కణాల వంశవృక్షం ఇచ్చారు. శుక్రకణాలు లేని పురుగుల్లో అండాల వరుస ఆగిపోయి పేరుకుపోతుందని, మగ పురుగుతో కలవగానే క్యూ మళ్లీ కదులుతుందని కనబడింది. ఇక్కడ రెండు వివరణలు సాధ్యం. శుక్రకణం అండాన్ని తాకడం వల్ల కదలిక రావచ్చు, లేదా తాకకుండానే దూరం నుంచి ఏదో పంపుతూ ఉండవచ్చు. వరుసలో మొదటి అండానికి, శుక్రకణాలకు మధ్య మూసిన నోరు ఉంది కాబట్టి రెండోదే నిజమై ఉండాలి. కానీ పంపేది ఏమిటి?

జవాబు రెండేళ్లలోనే పరీక్షనాళికలోకి వచ్చింది, ఎవరూ గుర్తుపట్టలేదు. 1981లో మైకేల్ క్లాస్, డేవిడ్ హర్ష్ శుక్రకణాలను వేరుచేసి, వాటిలో అత్యధికంగా ఉన్న ఒక చిన్న ప్రోటీన్‌ను వర్ణించారు. పేరు కూడా అంతే సాదాగా పెట్టారు, మేజర్ స్పెర్మ్ ప్రోటీన్. ఇకనుంచి ఎంఎస్‌పీ అంటాను. ఇదే క్లాస్ రెండేళ్ల తర్వాత ఎక్కువకాలం బతికే పురుగు మ్యుటెంట్ల మీద ప్రచురించి వృద్ధాప్య పరిశోధనకి దారి వేశాడు, అది గుర్తుంచుకోదగ్గ సంగతి.

ఎంఎస్‌పీని ఎవరూ సంకేతంగా అనుమానించకపోవడానికి కారణం ఉంది. నెమటోడ్ శుక్రకణానికి తోక ఉండదు, కశాభం లేదు, ఈదదు. అమీబాలా మిథ్యాపాదం చాచి పాకుతుంది. మామూలుగా కణం ఇలా పాకాలంటే ఆక్టిన్ కావాలి. వీటిలో ఆ పని ఎంఎస్‌పీ చేస్తుంది, పోగులుగా పేరుకుని కణం ముందు భాగాన్ని తోస్తుంది. పిల్లల పేగుల్లో ఉండే ఏలికపాము, అంటే అస్కారిస్, శుక్రకణాల్లోనూ ఇదే పద్ధతి. కాబట్టి అందరి దృష్టిలో ఎంఎస్‌పీ అంటే కట్టడపు ఇటుక. గోడలోని ఇటుక ఉత్తరాలు కూడా రాస్తుందని ఎవరనుకుంటారు?

ఈలోగా ఇంకో బృందం తలుపు వైపు నుంచి వస్తోంది. ఈ భాగం నాకు మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చుతుంది. హార్విట్జ్ శిష్యుడు పాల్ స్టెర్న్‌బర్గ్ కాల్‌టెక్‌లో పురుగు యోని ద్వారం ఎలా ఏర్పడుతుందో చూస్తున్నాడు. అందులో రెండు జన్యువులు తేలాయి. లెట్-23 అనేది మనుషుల్లో ఈజీఎఫ్ గ్రాహకానికి సమానమని 1990లో, లిన్-3 అనేది ఆ గ్రాహకానికి అతుక్కునే ఈజీఎఫ్ లాంటి సంకేత ప్రోటీన్ అని 1992లో తెలిసింది. మనుషుల్లో ఈ దారి అదుపు తప్పితే క్యాన్సర్ వస్తుంది, మధ్యలో రాస్ అనే ప్రసిద్ధ ప్రోటీన్ ఉంటుంది. పురుగులో రాస్‌కి పేరు లెట్-60. ఊపిరితిత్తుల క్యాన్సర్ మందుల వార్తల్లో ఈజీఎఫ్ఆర్ అని చదువుతుంటాం కదా, అదే కుటుంబం.

లిన్-3, లెట్-23 దెబ్బతిన్న కొన్ని పురుగులు గొడ్రాళ్లవుతున్నాయి. లోపల చూస్తే అండం పక్వమైంది, తొడుగు నొక్కుతోంది, కానీ శుక్రగ్రాహిక నోరు సరిగా తెరుచుకోవడం లేదు. బయటికి రాలేని అండం గొట్టంలోనే ఇరుక్కుని, విభజన లేకుండా డీఎన్‌ఏని మళ్లీ మళ్లీ కాపీ చేసుకుంటూ ఉబ్బిపోతుంది. టిమ్ షెడ్ల్ బృందం 1996లో ఈ స్థితిని విడిగా వర్ణించింది. ఇదే లక్షణం ఇక్కడ కూడా. అంటే తలుపు తెరవమని చెప్పేది ఈజీఎఫ్ సంకేతం. మరి తలుపు దగ్గర కూడా రాస్ ఉండాలి కదా? ఉండనక్కర్లేదని తేలింది.

1998లో థామస్ క్లాండినిన్, డిమోడెనా, స్టెర్న్‌బర్గ్ ఒక తెలివైన పని చేశారు. లిన్-3 బలహీనపడి గొడ్డువైన పురుగులకు ఇంకో మ్యుటేషన్ కలిపి, వేటికి మళ్లీ పిల్లలు పుడతారో వెతికారు. రెండు జన్యువులు దొరికాయి. ఒకటి ఐపీ3 గ్రాహకం, అది అతిగా పనిచేసే రూపం. రెండోది ఐపీ3ని ఖర్చుపెట్టే ఎంజైము, అది పనిచేయని రూపం. ఐపీ3 అనేది కణంలో నిల్వ ఉన్న కాల్షియాన్ని బయటికి వదిలే చిన్న అణువు. పైనుంచి వచ్చే నీటి ప్రెషర్ తగ్గితే కింద వాల్వును ఎక్కువ తెరిచినా, లీకేజీ ఆపినా కుళాయికి నీళ్లొస్తాయి. అచ్చం అదే లెక్క. రెండు మ్యుటేషన్లూ ఒకే చోటికి వేలు చూపాయి. ఈజీఎఫ్ గ్రాహకం ఇక్కడ రాస్‌ని పక్కనపెట్టి ఐపీ3, కాల్షియం దారిలో తలుపు తెరుస్తోంది. ఒకే గ్రాహకం ఒక కణజాలంలో ఒక తీగ మీద, ఇంకో కణజాలంలో ఇంకో తీగ మీద మాట్లాడుతుందన్నమాట. గ్రాహకం పేరు చదవగానే ఫలితం చెప్పేయలేమని ఈ పేపర్ నేర్పింది.

తలుపు సంగతి తేలింది. తలుపు దగ్గరికి అండాన్ని పంపేది ఎవరు?

1999లో మెకార్టర్, షెడ్ల్ బృందం మొత్తం ప్రక్రియని వీడియోల్లో కొలిచింది. శుక్రకణాలున్నప్పుడు రెండు జరుగుతున్నాయి, అండం పక్వం కావడం, తొడుగు సంకోచం పెరగడం. ఫలదీకరణ చేయలేని మ్యుటెంట్ శుక్రకణాలున్నా కూడా ఈ రెండూ జరుగుతున్నాయి. కాబట్టి ఇది ఫలదీకరణతో సంబంధం లేని విడి సందేశం. శుక్రకణం రెండు ఉద్యోగాలు చేస్తోంది.

2001లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ నుంచి మైకేల్ మిల్లర్, డేవిడ్ గ్రీన్‌స్టైన్ బృందం సైన్స్ పత్రికలో జవాబు ప్రచురించింది. శుక్రకణాలను ద్రవంలో ఉంచి, తర్వాత వాటిని తీసేసి, ఆ ద్రవాన్ని మాత్రమే శుక్రకణాలు లేని ఆడ పురుగు గర్భాశయంలోకి సన్నటి సూదితో ఎక్కించారు. అండాలు పక్వమయ్యాయి, తొడుగు నొక్కింది. ఆ ద్రవంలో పనిచేసే పదార్థాన్ని శుద్ధి చేస్తూ పోతే చివరికి మిగిలింది ఎంఎస్‌పీ. నమ్మకం కుదరాలి కదా, బ్యాక్టీరియాలో తయారుచేసిన ఎంఎస్‌పీని ఎక్కించారు. బ్యాక్టీరియాకి పురుగు శుక్రకణంతో ఏ సంబంధమూ లేదు. అయినా పనిచేసింది. పైగా ప్రోటీన్‌లో అండాన్ని పక్వం చేసే భాగం వేరు, తొడుగుని కదిలించే కొస వేరు. ఇటుకే ఉత్తరం కూడా. ఇరవై ఏళ్లుగా అందరి ఫ్రిజ్‌లోనూ ఉన్న ప్రోటీన్ ఇది.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. కణం నుంచి బయటికి వెళ్లే ప్రోటీన్‌కి సాధారణంగా ముందు ఒక అడ్రస్ చీటీ ఉంటుంది, అది అంతర్జీవ ద్రవ్యజాలం, గాల్జీ గుండా ప్రయాణిస్తుంది. ఎంఎస్‌పీకి ఆ చీటీ లేదు. పైగా పక్వమైన నెమటోడ్ శుక్రకణంలో రైబోజోములూ, గాల్జీ కూడా ఉండవు, బరువు తగ్గించుకోవడానికి అన్నీ పారేస్తుంది. మరి ఎలా బయటికి వెళ్తోంది? 2005లో అదే బృందం చూపించింది, శుక్రకణం తన ఒంటి అంచుల్లోంచి చిన్న చిన్న బుడగల్ని చిగురించి వదులుతోంది, వాటిలో ఎంఎస్‌పీ ఉంది. ఆ బుడగలు పగిలి, దూరంగా ఉన్న అండానికి సందేశం అందుతుంది. శుక్రకణం చావకుండా, తన పాకే సామర్థ్యం పోగొట్టుకోకుండా కొంచెం కొంచెంగా తనని తానే ఉత్తరాలుగా పోస్టు చేస్తోంది.

అందుకునే వైపు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2003లో మిల్లర్ బృందం అండం మీద వ్యాబ్-1 అనే ఎఫ్ గ్రాహకం ఎంఎస్‌పీని పట్టుకుంటుందని చూపింది. ఎంఎస్‌పీ లేనప్పుడు ఇది బ్రేక్‌లా పనిచేస్తుంది, వచ్చినప్పుడు బ్రేక్ వదులుతుంది. తొడుగు కణాల వైపు సెహ్-18 అనే జన్యువు మీద ఆధారపడ్డ రెండో బ్రేక్ ఉంది. రెండింటినీ ఒకేసారి తీసేస్తే శుక్రకణాలు లేకపోయినా అండాలు పక్వమైపోతాయి. లిఫ్టులో రెండు ఇంటర్‌లాక్‌లు ఉన్నట్టు, ఒకటి పోయినా ఇంకోటి కాపాడుతుంది. ఆ తర్వాత 2006, 2009లో గ్రీన్‌స్టైన్ ల్యాబు తొడుగు కణాల్లో జీ ప్రోటీన్, అడినైలేట్ సైక్లేజ్, సైక్లిక్ ఏఎంపీ, ప్రోటీన్ కైనేజ్ ఏ వరుసగా పనిచేస్తాయని, ఆ దారి లేకపోతే అండం ఎంఎస్‌పీకి స్పందించదని తేల్చింది. అండంతో తొడుగు కణాలు గ్యాప్ జంక్షన్లనే సన్నటి సొరంగాల ద్వారా కలిసి ఉంటాయి, ఆ సొరంగాలు కూడా నియంత్రణలో భాగమే.

సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది ఏటీపీ నుంచి. ఏటీపీని 1929లో కండరంలో గుర్తించిన వాళ్లలో జర్మనీలో లోమాన్‌తో పాటు, హార్వర్డ్‌లో ఫిస్క్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయన పేరు ఈ పోస్టులో మళ్లీ వస్తుంది, వేరే కారణంగా.

ఇంత ఏర్పాటు ఎందుకు? అండం ఖరీదైన సరుకు. పచ్చసొన నింపాలి, ప్రోటీన్లు పోయాలి, శుక్రకణంతో పోలిస్తే దాని పరిమాణం ఎన్నో రెట్లు. శుక్రకణం లేనప్పుడు అండాన్ని వదిలితే ఆ పెట్టుబడి మొత్తం వృథా. ఫ్యాక్టరీల్లో జస్ట్ ఇన్ టైమ్ అంటాం కదా, ఆర్డరు వస్తేనే సరుకు కదలాలి. పురుగు ఆ పని చేయడానికి శుక్రకణాల సంఖ్యని లెక్కపెట్టే మీటరు వేరుగా పెట్టుకోలేదు. శుక్రకణాలు విసర్జించే ఎంఎస్‌పీయే మీటరు. అవి ఖర్చవుతున్నకొద్దీ సంకేతం పల్చబడుతుంది, అండాల వేగం తగ్గుతుంది. మగ పురుగు వస్తే మళ్లీ పెరుగుతుంది. ఫీడ్‌బ్యాక్ కంట్రోల్‌కి ఇంతకన్నా పొదుపైన ఉదాహరణ నాకు ఇంజినీరింగ్ నాలుగేళ్లలో కనబడలేదు.

ఇక జబ్బుల వైపు. ఎంఎస్‌పీ లాంటి భాగం మనుషుల ప్రోటీన్లలో కూడా ఉంది. వీఏపీబీ అనే ప్రోటీన్‌లో ఒక మార్పు కొన్ని బ్రెజిల్ కుటుంబాల్లో ఏఎల్‌ఎస్‌కి కారణమని 2004లో తెలిసింది. స్టీఫెన్ హాకింగ్‌కి ఉన్న మోటార్ న్యూరాన్ జబ్బు కుటుంబమే ఇది. వీఏపీబీలోని ఎంఎస్‌పీ భాగం తెగి కణం బయటికి వస్తుందని, ఎఫ్ గ్రాహకాలకు అతుక్కుంటుందని, జబ్బు కలిగించే రూపం అలా బయటికి రాలేకపోతుందని 2008లో సెల్ పత్రికలో వచ్చింది. పురుగు అండం దగ్గర మొదలైన గ్రాహకం, సంకేతం జంటే మనిషి నరం దగ్గర మళ్లీ కనబడింది. దీన్ని వైద్యం అనడం తొందరపాటు. దారి కనబడింది, అంతే.

మన ప్రాంతానికి దగ్గరైనది బోదకాలు. దీని చరిత్రలో కలకత్తాకి పెద్ద చోటుంది. 1872లో అక్కడ పనిచేస్తున్న టిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఫైలేరియా పిల్ల పురుగుల్ని చూశాడు. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ దోమ పాత్రని గుర్తించాడు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియాకి దోమతో ముడివేసిన సంగతి మనందరికీ నోటికి వచ్చు, దానికి ముందు నడిచిన దారి ఇది. మందు విషయానికొస్తే, అమెరికాలో లెడర్లే ల్యాబులో సుబ్బారావు నడిపిన పరిశోధన నుంచి 1947లో డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది, డీఈసీ మాత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడం ఆ వెతుకులాటకు ఊతమిచ్చింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. ఫైలేరియా మాత్రలు పంచే రోజున ఆశా కార్యకర్త మన చేతిలో పెట్టేది ఇప్పటికీ అదే మందు, ఆల్బెండజోల్‌తో కలిపి.

ఇప్పుడు అండం ప్రశ్న ఎందుకు ముఖ్యమో చూడండి. ఫైలేరియా పెద్ద పురుగు మనిషి లసిక నాళాల్లో 6 నుంచి 8 ఏళ్లు బతికి, ఆ కాలమంతా లక్షలాది పిల్ల పురుగుల్ని రక్తంలోకి వదులుతూ ఉంటుంది. డీఈసీ ప్రధానంగా ఆ పిల్ల పురుగుల్ని చంపుతుంది, పెద్దవాటి మీద ప్రభావం పాక్షికం. తల్లి పురుగు మళ్లీ కంటుంది. అందుకే సామూహిక మందుల పంపిణీని ఏడాదికోసారి, వరుసగా అయిదేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ చేయాల్సి వస్తుంది, మధ్యలో జనం మాత్ర చేతిలోకి తీసుకుని మింగకుండా వదిలేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మాల్దీవులు, శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో బోదకాలు నిర్మూలన సాధించినట్టు డబ్ల్యూహెచ్‌ఓ గుర్తింపు పొందాయి. మన లక్ష్యం 2027. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ని కూడా కలిపి మూడు మందులిస్తున్నది ఈ చక్రాన్ని త్వరగా తెంచడానికే.

అస్కారిస్ సంగతీ అంతే. ఒక్క ఆడ ఏలికపాము రోజుకి రెండు లక్షల గుడ్లు పెట్టగలదు. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఆల్బెండజోల్ ఇస్తున్నాం, కానీ మట్టిలో చేరిన గుడ్లు మళ్లీ సోకుతూనే ఉంటాయి.

ఇప్పుడున్న మందులేవీ అండాల సంకేతం మీద గురిపెట్టినవి కావు. ఆల్బెండజోల్ పురుగు కణాల ట్యుబులిన్‌కి అతుక్కుంటుంది. 2015 నోబెల్ తెచ్చిన ఐవర్‌మెక్టిన్ దాని నాడీ కండర కణాల్లో క్లోరైడ్ ద్వారాలను తెరిచిపెడుతుంది. ఎంఎస్‌పీ అస్కారిస్‌లో, ఫైలేరియా కుటుంబంలో కూడా ఉంది, శుక్రకణం పాకే ఆ పద్ధతి మనుషుల్లో లేదు. ఆ లెక్కన మందుకి మంచి గురి అనిపిస్తుంది. కానీ ఒక జాగ్రత్త. సీ. ఎలిగాన్స్ మట్టిలో బతికే ద్విలింగ పురుగు, ఫైలేరియాలో ఆడ మగ వేరు, గుడ్లు కాకుండా పిల్లల్నే వదులుతుంది. ఒకదానిలో తేలినదాన్ని ఇంకోదానికి నేరుగా అంటించి మెయిన్స్‌లో రాసేస్తే, విషయం తెలిసిన ఎగ్జామినర్ దగ్గర మార్కులు పోతాయి.

పురుగుని చంపకుండా కనకుండా చేయడం మాత్రం ఊహ కాదు, ఇంకో దారిలో ఇప్పటికే రుజువైంది. బోదకాలు పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. డాక్సీసైక్లిన్‌తో దాన్ని చంపితే ఆడ పురుగు గొడ్డుపోతుంది. చిక్కల్లా ఆ మందుని వారాల తరబడి వాడాలి, గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు, కాబట్టి ఊరందరికీ ఒకే రోజు పంచే కార్యక్రమంలోకి అది రాలేకపోయింది.

ప్రాక్టీసు ప్రశ్న: పొరుగు దేశాలు బోదకాలును నిర్మూలించగా భారత్ ఇంకా ఎందుకు వెనకబడి ఉంది? పురుగు జీవచక్రం, మందుల పరిమితులు, జనం మాత్రలు మింగకపోవడం, ఈ మూడింటి కోణంలో 250 పదాల్లో చర్చించండి. రాసినవాళ్లు కింద పెట్టండి, ఆదివారం కూర్చుని చూస్తాను.